కొయ్యకూడని తాడు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చూపిస్తామని ఎవరూ టూర్ బస్సు పెట్టరు. నేను మాత్రం మొన్న ఆ మూడూ చూసి వచ్చాను. తోడుగా ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉంది. దారంతా అది నాతో ఒక్కసారి కూడా వాదించలేదు. కిటికీ పక్క సీటు అడగలేదు. ఇంతవరకు నాకు దొరికిన ప్రయాణపు తోడుల్లో దానికే మొదటి స్థానం ఇస్తాను.

ఆ పెట్టె మా మామ నర్సింలుది. తిమ్మాజిపేటలో పుట్టి, పద్దెనిమిదేళ్లకు నేవీలో చేరి, పదిహేనేళ్లు ఓడల మీద పనిచేసి, తిరిగొచ్చి నాగలి పట్టిన మనిషి. నేవీలో చేరేదాకా ఆయన చూసిన అతిపెద్ద నీళ్లు ఊరి బావిలోవి. వచ్చాక అదే బావిలో ఇద్దరు కూతుళ్లకు ఈత నేర్పాడు. అన్నం వేళకు అందరినీ ఈల వేసి పిలిచేవాడు. తిన్న పళ్లెం తానే కడుక్కునేవాడు. ఈ ఒక్క అలవాటు వల్ల అల్లుళ్లమైన మా ఇద్దరికీ జరిగిన నష్టం ఇంతా అంతా కాదు.

ఆయన గొంతు పెంచేది ఒక్క విషయంలోనే. ఇంట్లో ఎవరూ తాడు కొయ్యకూడదు. "ముడి ఇప్పే ఓపిక లేనోడు సంసారమేం జేస్తడు?" అనేవాడు. పెళ్లిచూపుల్లో నాకు చాయ్ కంటే ముందు ఒక తాడు వచ్చింది, ముడితో సహా. నలభై నిమిషాలు కుస్తీ పట్టాను. రాలేదు. "పిల్లగాడు ఇప్పలే గని, కత్తి గూడ అడగలే" అని పిల్లనిచ్చాడు. నా ఎమ్మే ఎకనామిక్స్ ప్రస్తావన ఆ రోజు ఎవరూ తేలేదు.

మామ పోయి ఏడాది అవుతోంది. పదో రోజు గద్వాల నుంచి వచ్చిన ఆయన అక్క యాదమ్మ మా అత్తమ్మతో ఒక మాట చెప్పింది. తమ్ముని పెట్టె తన ఇంట్లో ఉందనీ, అందులోది బాలమ్మకేనన్నాడనీ, తాడు మాత్రం కొయ్యొద్దన్నాడనీ. బాలమ్మ అంటే మా అత్తమ్మే. ఏడాది తిరిగేదాకా పోయినవాళ్ల సామాను కదిలించకపోవడం మా ఇళ్లలో ఆనవాయితీ. అందుకని ఏడాది మాసికానికి నాలుగు రోజుల ముందు అత్తమ్మ నన్ను పిలిచింది.

"అల్లుడా, జర పోయి పెట్టె తే. మాసికం నాడు ఆయన ఫోటో ముందల ఇప్పాలె. కొయ్యకు. కోస్తే ఆయన మాట కోసినట్టే."

"నాకు ఇప్పరాదు గదా అత్తమ్మా?"

"నీకు రాదని ఊరందరికి తెల్సు. ఆయన మందికి మస్తు నేర్పిండు. అడుక్కుంట రా, ఎవలకన్న వస్తది." తర్వాత మెల్లగా అంది. "పదిహేనేండ్లు నీళ్ల మీద ఉన్నడు. నాకోసం ఏం దాచిండో సూడకపోతే నాకు మనసున పట్టదు."

వెల్డింగ్ షాపున్న మా తోడల్లుడు శ్రీను పక్కనే ఉన్నాడు. "మాసికం పొద్దుగాల దాంక టైమిస్త అన్నా. గప్పటికి రాకుంటె నా కటింగ్ మిషిన్ ఉన్నది" అన్నాడు. అత్తమ్మ వాడి వైపు చూసిన చూపుకు మిషిన్ అవసరం లేకుండానే ఇనుము తెగేది.

బయల్దేరుతుంటే వసారాలో ఏదో తలకు తగిలింది. దూలానికి రెండు ఇనుప కొక్కేలున్నాయి. పోవడానికి రెండు నెలల ముందు మామే శ్రీనుతో పెట్టించాడు. ఎందుకని అడిగితే "పనున్నది" అన్నాడు. ఆ పని ఏమిటో చెప్పకుండానే పోయాడు. ఇప్పుడు వాటికి ఉల్లిగడ్డల గుత్తులు వేలాడుతున్నాయి.

గద్వాల: ముడి వేసేవాళ్ల ఊరు

గద్వాలలో పొద్దున్నే తినాల్సింది ఉగ్గాని. నానబెట్టిన బొరుగుల తాలింపు, పక్కన మిరపకాయ బజ్జి. నలభై రూపాయలు. మహబూబ్‌నగర్‌లో మా వీధి హోటల్‌వాడు అదే నలభైకి ఉప్మా పెట్టి, చట్నీ రెండోసారి అడిగితే తన ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తాడు. ఇక్కడ బండివాడు అడగకుండానే ఇంకో బజ్జి వేశాడు. "సాకు, సాకు" అంటూ పక్కాయన చేయి అడ్డం పెట్టాడు. కన్నడ సరిహద్దు దగ్గరే కదా, కడుపు నిండిందని ఆ భాషలోనూ చెప్పవచ్చు. బండివాడికి మాత్రం ఏ భాషలోనూ వినిపించదు.

యాదమ్మను నేను పెద్దమ్మా అంటాను. డెబ్బై దాటాయి. తమ్ముడి మాట ఎత్తగానే ఏడుస్తుందని జేబురుమాలు సిద్ధం చేసుకున్నాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

"సముద్రంల పదిహేనేండ్లు కక్కనోడు బిడ్డా, కృష్ణల తట్ట లెక్కుండే పుట్టి ఎక్కి కక్కిండు! పుట్టి గిరగిర తిరుగుతది గదా. 'అక్కా, ఓడకు ముందు ఎనక ఉంటది, దీనికేదే?' అంటుండె. పుట్టి నడిపెటోడు నవ్వీ నవ్వీ తెడ్డు నీళ్లల్ల ఇడిసిండు."

పెట్టె తెచ్చి పెట్టింది. ఆకుపచ్చ రంగు, మూత మీద తెల్ల అక్షరాల్లో మామ పేరు. నూలు తాడు అడ్డంగా, నిలువుగా చుట్టి, నడిమధ్య నిమ్మకాయంత ముడి. ఎత్తి చూస్తే దాదాపు బరువే లేదు. ఊపితే చప్పుడు లేదు. బంగారం కాదని అక్కడికక్కడే తేలింది.

"లోపల ఏముందో నీకు తెల్వదా పెద్దమ్మా?"

"తెల్వదు. ఏడాదికోసారి వచ్చి పదొద్దులు ఉంటుండె. మధ్యాహ్నం కాంగనే తలుపేసుకొని తాళ్లతోని ఏందో చేస్తుండె. ఏందిరా అంటే పనున్నది అనేటోడు."

ముడి కొస కోసం వెతికాను. ఏ ముడికైనా గుంజడానికి కొస ఉంటుంది. దీనికి ఒకటి ఉంది గానీ, అంగుళం కూడా లేదు. అదీ అడుగున దూరి ఉంది, కొరికినట్టు పోగులు లేచి.

"పెద్దమ్మా, నీ ఇంట్లో ఎలుకలున్నాయి."

"ఎలుకలున్నది నీ ఇంట్ల! నా ఇంట్ల పిల్లి గూడ పస్తుంటది" అని విసురుగా లోపలికి పోయింది.

పక్కింటి ఈరన్న మగ్గం నేస్తాడు. నూలు చీర, పట్టు అంచు, గద్వాల పేరు మోసే చీర. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగుకు కొత్త పోగు కలిపి వేల ముడులు వేయాలి. ఆయన వేళ్లు వేస్తుంటే కళ్లకు ఆనలేదు. మామ ఇక్కడికి వచ్చినప్పుడల్లా మగ్గం పక్కన కూర్చుని ఆ ముడి నేర్చుకున్నాడట. మామ ముడి చూపిస్తే ఈరన్న కళ్లద్దాలు పైకి నెట్టి నిమిషం చూశాడు.

"సారూ, నా బతుకంత ముడేసుడే. ముడి ఇప్పే పని నాకు ఎన్నడు పడలే. ఇప్పితే చీర ఊడుతది గదా."

ముడి ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి పందొమ్మిది సలహాలు వచ్చాయి. పన్నెండు 'గుంజు' అని, ఆరు 'గుంజకు' అని. ఒకాయన మాత్రం పొరపాటున జన్మదిన శుభాకాంక్షలు పెట్టాడు.

పెబ్బేరు: ఎద్దు కొనబోయిన కథ

రెండో రోజు పొద్దున పల్లెవెలుగు బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు నిండా వాళ్లే. నా పెట్టె మీద ఇద్దరు అవ్వలు కూర్చున్నారు. కండక్టర్ వచ్చి పెట్టెకు టికెట్ కొట్టాలన్నాడు.

"ఆడోళ్లకు ఫ్రీ కదా?" అన్నాను, ఊరికే.

"ఆడోళ్లకే సార్. పెట్టె ఆడదని ఆధార్ కార్డు చూపియ్, ఇడిసిపెడ్త."

అవ్వల్లో ఒకామె "మేం కూసున్నంక అది మాదే, మా లెక్కల కలిపెయ్" అని తీర్పు చెప్పింది. కండక్టర్ ఒప్పుకోలేదు. కృష్ణా వంతెన దాటుతుంటే అవ్వలిద్దరూ కిటికీలోంచి చిల్లర విసిరి దండం పెట్టారు. నేను నీళ్ల మీద పుట్టి కోసం చూశాను. కనిపించలేదు. బహుశా తెడ్డు కోసం ఇంకా వెతుకుతున్నారు.

ఆ రోజు పెబ్బేరు సంత. ఎద్దులు, బర్రెలు, దుమ్ము, చాయ్, మళ్లీ ఎద్దులు. మహబూబ్ భాయ్ ఇక్కడ పశువుల దళారి. లారీలో ఎద్దు కదలకుండా, ఉరి పడకుండా పగ్గం కట్టడం ఆయనకు నేర్పింది మామే. నేను నర్సింలు అల్లుణ్ణని చెప్పగానే వాటేసుకున్నాడు.

"దామాద్ సాబ్! మీ మామ ముడేస్తే ఎద్దు మెడకు గీత గూడ పడది. ఎద్దులు గూడ ఆయన్ని యాదిచేస్తయి."

ఇక్కడ బేరం నోటితో ఆడరు. చేతుల మీద తువ్వాల కప్పుకొని, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఇద్దరికే తెలుస్తుంది. మహబూబ్ భాయ్ ఒక రైతుతో అలా బేరంలో ఉండి, ఫోన్ మోగేసరికి "జర పట్టు సార్" అని తువ్వాల నాకు అప్పగించాడు. మర్యాద కోసం నేను రైతు చేయి పట్టుకుని గట్టిగా ఊపాను. రైతు ముఖం వెలిగిపోయింది. పగ్గం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎద్దు నా భుజం వాసన చూసింది. దాని అభిప్రాయం బయటపెట్టలేదు.

"ఎంతకు కొన్నవ్ సార్?" అని మహబూబ్ భాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"తెల్వదు. మంచిగనే కొన్న అనుకుంట."

రైతును శాంతింపజేయడానికి మూడు చాయ్‌లు పట్టాయి. నవ్వు ఆగాక మహబూబ్ భాయ్ పెట్టె ముందు గొంతుక్కూర్చుని ముడిని అటూ ఇటూ లాగాడు. అది ఇంకా బిగిసింది.

"ఇది మామ నేర్పిన ముడి గాదు సార్. మామ ముడి గుంజితే ఇడుస్తది. ఇది గుంజితే అలుగుతది. బతిమిలాడితేనే వస్తదేమో." పెట్టె మీద అరచేయి పెట్టాడు. "మంచి మనిషి. పోండి, వనపర్తిల జేమ్స్ సార్‌కు తెల్సుంటది."

వనపర్తి: వెనక్కి తిరిగి ముడి ఇప్పే మనిషి

వనపర్తిలో రాజుల కోటలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంది. నేను పాఠాలు చెప్పే కాలేజీ మూతబడ్డ రైస్‌మిల్లులో నడుస్తుంది. ఇంతకుమించి పోల్చడం నా ఉద్యోగానికి మంచిది కాదు.

జేమ్స్ సార్ మామతో ఒకే ఓడలో పనిచేసినాయన. తర్వాత బడిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాడు. ఇప్పటికీ నిలబడితే గోడకు ఆనించిన నిచ్చెనలా ఉంటాడు. వాళ్ల ఇంట్లో రాత్రి జొన్నరొట్టె, నాటుకోడి కూర. ప్రార్థన చేసి, అందులో నర్సింలు పేరు చెప్పి, తర్వాత కోడి విషయానికి వచ్చాడు.

ముడి చూసి పెద్దగా నవ్వాడు. "గిదా! గిది నేవీ ముడి గాదు అల్లుడా. నేవీల గిసుంటిది కడితే మా ఆఫీసర్ మమ్మల్ని చేపలకేసేటోడు."

"మరి ఎక్కడిది?"

"ఏమో. గని సూసిన. నెలకోసారి వానికి ఇంటినుంచి మూట వస్తుండె. సద్దరొట్టెలు, నువ్వులుండలు, మామిడి తొక్కు. ఆ మూట మీద గిదే ముడి. మేమంత మా పార్సిళ్లు కత్తితోని కోసి తినేటోళ్లం. వాడు కొయ్యడు. మూలకు పోయి, మాకు ఈపు తిప్పి, గోడ దిక్కు మొఖం పెట్టి ఇప్పేటోడు. ఎందుకురా గట్ల అంటే 'సిగ్గు' అనేటోడు. ముడి ఇప్పనీకె సిగ్గేందో! ఆ తాడు గూడ పడెయ్యకుండ చుట్టచుట్టి దాసుకునేటోడు."

"ఉత్తరాల్లో ఏం రాసేవారో?"

"ఏం రాస్తడు? మా బాలమ్మ చెల్లెకు సదువు రాదు. పోస్టుమన్ వాడకట్టు నడుమ నిలబడి గట్టిగ సదివేటోడంట. ఇగ అండ్ల ఏం రాస్తడు మనిషి? 'ఇక్కడ ఎండలు బాగున్నవి, అక్కడ వానలు పడినవా.' పదిహేనేండ్లు గదే ఉత్తరం."

ఇంత విన్నాక చదువుకున్నవాడు ఎవడైనా ఒక చిన్న ప్రశ్న వేసుకుంటాడు: ఆ మూట కట్టింది ఎవరు? నేను వేసుకోలేదు. తొక్కు అంత దూరం పోయినా ఎలా పాడవలేదని అడిగాను. జేమ్స్ సార్ భార్య పాపం నూనె కొలతలతో సహా చెప్పింది.

నాగర్‌కర్నూల్: మిషిన్ పక్కన నిద్ర

మూడో రోజు సాయంత్రం శ్రీను షాపులో దిగాను. షాపు వెనకే వాళ్ల ఇల్లు. ఇద్దరు అల్లుళ్లం పెట్టెను మధ్యన పెట్టుకుని కూర్చున్నాం. కొబ్బరినూనె పోశాం. సూది పెట్టాం. శ్రీను చిన్న కూతురు దాంతో మాట్లాడి చూసింది. ముడి ఎవరినీ లెక్కచేయలేదు.

"అన్నా, నీకు తెల్వదు గని" అన్నాడు శ్రీను చివరికి, "నాక్కూడ పెండ్లిసూపులప్పుడు ముడిచ్చిండు మామ. నేను కోసిన."

నేను నోరు తెరిచాను. "మరి పిల్లనెట్ల ఇచ్చిండు?"

"'నిజం చెప్పినవ్ గదా, చాలు' అన్నడు. గా రోజు నుంచి ఏ తాడు కొయ్యలే నేను. షాపుల సిమెంటు సంచి దారం గూడ ఇప్పుకుంట కూసుంట. పనోళ్లు నవ్వుతరు." మిషిన్ వైపు చూశాడు. "రేపు అత్తమ్మ ముందల ఇది నడపాల్నంటే నాకు చెయ్యి రాదే అన్నా."

మూడు రోజులుగా నేను కత్తికి దూరంగా తిప్పుతున్న పెట్టెకు నాకంటే పెద్ద కాపలాదారు ఈ మిషిన్‌వాడే అని అప్పుడు తెలిసింది. అయినా పొద్దున్నే మిషిన్ కూడా ట్రాలీ ఆటోలో ఎక్కింది. ఇంకో దారి కనిపించలేదు.

తిమ్మాజిపేట: అడగని ఒక్క మనిషి

మేం చేరేసరికి ఇంటి ముందు పొయ్యిలు వెలిగాయి. జేమ్స్ సార్ మొదటి బస్సుకే వచ్చి కుర్చీలు వరుసగా సర్దుతున్నాడు. వచ్చినవాళ్లు అటూ ఇటూ కదిలిస్తే మళ్లీ సర్దుతున్నాడు. నా భార్య సుజాత, పిల్లలు, చుట్టాలు అందరూ ఉన్నారు. పెట్టెను మామ ఫోటో ముందు దించాను.

అత్తమ్మ చేయి తుడుచుకుంటూ వచ్చింది. "దొరికిండా ఇప్పెటోడు?"

"లేదత్తమ్మా. ఎవ్వరికీ రాదు."

ఆమె ముఖం వాడిపోయింది. శ్రీను మిషిన్ వైర్ చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు. అత్తమ్మ ఫోటో వైపు చూసింది, వైర్ వైపు చూసింది. "సరే తియ్" అనబోతూ, ఒక్కసారి తాడును ముట్టుకుందామని కిందికి వంగింది.

వంగినది వంగినట్టే ఉండిపోయింది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందని సుజాత పరుగెత్తింది. నవ్వుతోంది.

"ఓరి మీ చదువులు మన్నువడ! గిది నా ముడి."

తాడును వేలితో తడుముతూ చెప్పింది.

"మా అమ్మ నేర్పింది. కాలువ పనులకు పోతుంటిమి గదా, ఊరూరు. సంకల పిల్ల. ఒక చెయ్యి పిల్లకు. ఇగ మిగిలింది ఒక చెయ్యి, నోట్ల పండ్లు. గా రెండిటితోనే మూట కట్టాలె. బస్సు మీద ఏస్తే దొంగోడు ఇప్పొద్దని కొస అంగుళమే ఇడుస్తం. ఎంతసేపు గుంజినా చేతి వేళ్లకు దొరకది."

"నాలుగు రోజులు తిరిగిన అత్తమ్మా! నువ్వే కదా ఆయన నేర్పినోళ్లను అడగమన్నది!"

"నేనేం సూసిన్నా ముడి? సెల్లుల అందరికి పంపితివంట. ఇంట్ల ముసల్దాన్ని అడిగినవా?"

నిజమే. నేవీ మనిషి ముడి కాబట్టి నేవీదే అని మూడు జిల్లాలు తీర్మానించాం. ఆయన పదిహేనేళ్లలో సముద్రం దగ్గర ఎన్ని నేర్చుకున్నా, ఈమె దగ్గర ఒకటి నేర్చుకుని ఉంటాడని పందొమ్మిది సలహాల్లో ఒక్కటీ అనలేదు.

అరవై అయిదేళ్ల అత్తమ్మ పెట్టె మీదికి వంగి, ఆ కొరికిన కొసను పళ్లతో పట్టి, ఎడమచేత్తో మడత నొక్కి, తల ఒక్క విదిలింపు విదిలించింది. ముడి ఎంత బుద్ధిగా ఊడిందంటే, నాకు దాని మీద కోపం వచ్చింది.

"ఇగో, సిగ్గు!" అని జేమ్స్ సార్ తొడ చరిచాడు. "ఓడల గోడ దిక్కు తిరిగి వాడు చేసింది గిదా! తాడు కొరికేటోడా!"

గద్వాల ఎలుకకు, యాదమ్మకు నేను మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. మోకాళ్ల నొప్పులతో రాలేకపోయిన యాదమ్మకు తర్వాత ఫోన్‌లో కూడా చెప్పాల్సి వచ్చింది.

పెట్టెలో తాళ్లు ఉన్నాయి. కాదు, ఒకప్పటి తాళ్లు. నూలువి, జనపవి, చీర అంచులు చించి పేనినవి, ఒకటి ఎర్ర లంగా బొందు. పదిహేనేళ్ల మూటల తాళ్లన్నీ ఒకదానికొకటి కలిపి, సన్నని గద్వాల ముడులతో అల్లిన మనిషంత ఉయ్యాల వల, ఓడవాళ్లు పడుకునే రకం. రెండు చివర్లా రెండు ఇనుప రింగులు.

అత్తమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని వేళ్లతో వెతుక్కుంటూ పోయింది. "గిది సుజాత పుట్టినప్పుడు పంపిన మూటది... గిది నా పెండ్లి చీర అంచు, తాడు లేకుంటె చింపిన... గీ బొందు చిన్నదాని లంగాది, పోయిందని దాన్ని కొట్టిన్నే నేను!" శ్రీను భార్య పక్కనే ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఆ కేసులో నిర్దోషిగా బయటపడింది.

శ్రీను ఒక్కసారిగా తల ఎత్తి దూలం వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం ఒకేసారి ఉల్లిగడ్డల గుత్తులు దించాం. రింగులు కొక్కేలకు సరిగ్గా పట్టాయి. అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

మొదట నన్ను పరీక్షించమన్నారు. నేను ఎక్కిన పక్క నుంచి కాకుండా రెండో పక్క నుంచి దిగాను, కొంచెం తొందరగా. దెబ్బ పెద్దగా తగల్లేదు. మాసికానికి వచ్చిన చుట్టాలు అంత నవ్వగలరని నేను అనుకోలేదు. మామ ఉంటే ఈల వేసేవాడు.

తర్వాత అత్తమ్మ కూర్చుంది. కాళ్లు నేలకు అందలేదు. సుజాత మెల్లగా ఊపింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఫోటోలో మామ తెల్ల టోపీతో ఆమె దిక్కే చూస్తున్నాడు. బతుకంతా సముద్రం చూడని మా అత్తమ్మ రెండు ఊపులు పోయి వచ్చి, కళ్లు మూసుకుని అడిగింది.

"జేమ్సన్నా, సముద్రం గిట్లనే ఉంటదా?"

జేమ్స్ సార్ గాలి ఎగపీల్చి, దూలం వైపు ఒకసారి చూసి, చాలా సీరియస్‌గా జవాబు చెప్పాడు.

"గిట్లనే ఉంటది చెల్లె. కాకపోతే ఉల్లిగడ్డల వాసన రాదు."